చింతామణి దేశ్‌ముఖ్: తెలుగింటి అల్లుడైన ఆర్థికవేత్త

రిజర్వు బ్యాంకు గవర్నరు పదవిని అధిష్ఠించిన మొదటి భారతీయుడు శ్రీ చింతామణి ద్వారకానాథ దేశ్‌ముఖ్. 1943 ఆగస్టు మొదలు 1949 జూన్ వరకు ఆయన ఆ పదవియందుండిరి. ఆ యేండ్లలో వెలువడిన బ్యాంకు నోట్లపై ఆయన సంతకము కలదు. సంతలో ధాన్యమమ్మిన రైతు మొలలో దోపుకొన్నదియు, గుమాస్తా నెల మొదటి తేదీన ఇల్లాలి చేతికందిచ్చినదియు ఆ సంతకము గల కాగితమే. తరువాత ఆయన కేంద్ర ఆర్థికమంత్రియై 1951 మొదలు 1956 వరకు ఏటేట పార్లమెంటునకు బడ్జెట్టు సమర్పించిరి. ఇంతటివాని ప్రస్తావన తెలుగిండ్లలో వచ్చినప్పుడు మాత్రము మొట్టమొదట వినవచ్చు మాట వేరు: ఆయన దుర్గాబాయమ్మగారి భర్త. మగవాని పేరుతో ఇల్లాలిని గుర్తించుట వాడుకయైన రోజులలో, ఒక కేంద్రమంత్రికి ఇల్లాలి పేరుతో గుర్తింపు కలుగుట వింతయే. ఆయన మాత్రము దానిని చిన్నతనముగా భావించినట్లు కానరాదు. ఆయన జీవితములోని కడపటి ముప్పది యేండ్లు చూచినవారికి ఆ సంగతి తేటపడును.

శ్రీ దేశ్‌ముఖ్ 1896 జనవరి 14వ తేదీన, నాడు కొలాబా అనియు నేడు రాయగఢ్ అనియు పిలువబడు జిల్లాలో, మహాడ్ పట్టణమునకు సమీపముననున్న నాతె గ్రామమున జన్మించిరి. శివాజీ మహారాజు పట్టాభిషిక్తుడైన రాయగఢ్ దుర్గము అచ్చటికి దగ్గరనే యున్నది. తండ్రి ద్వారకానాథ గణేశ్ దేశ్‌ముఖ్ న్యాయవాది, తల్లి భాగీరథీబాయి. బాలుని చిన్ననాడు కొంకణ ప్రాంతమునందలి రోహా మొదలగు చిన్న ఊళ్ళలో గడచినది. 1912లో బొంబాయి విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షలో ఆయన ప్రథమస్థానము పొందుటయే గాక, సంస్కృతమునకు ఇచ్చెడి జగన్నాథ శంకరశేట్ విద్యార్థివేతనమును గూడ గెలుచుకొనిరి. ఆ విజయమును ప్రశంసించుచు మరాఠీ కవివరుడు రామ గణేశ్ గడ్కరీ ఒక పద్యకృతి రచించిరి. పదునారేండ్ల బాలునిపై పేరుమోసిన కవి పద్యము చెప్పుట సామాన్యము గాదు. ఆనాటి సంస్కృతాభిమానము ఆయనను తుదివరకు వదలలేదు. ఫైళ్ళ నడుమ శ్లోకము వ్రాసికొను అలవాటుగల ఆర్థికమంత్రులు ఈ దేశమునకు ఎక్కువమంది లభింపలేదు.

కేంబ్రిడ్జిలోని జీసస్ కళాశాలలో ఆయన చదివినది ఆర్థికశాస్త్రము కాదు. వృక్షశాస్త్రము, రసాయనశాస్త్రము, భూగర్భశాస్త్రము ఆయన విషయములు. 1917లో పట్టము పొందుటతోపాటు వృక్షశాస్త్రమున ఫ్రాంక్ స్మార్ట్ బహుమానమును గడించిరి. మరుసటి సంవత్సరము, అనగా 1918లో, లండనులో జరిగిన ఐ.సి.ఎస్. పరీక్షలో ప్రథములుగా ఉత్తీర్ణులైరి. మొక్కలయందలి ఆసక్తి మాత్రము పోలేదు; తోటపని ఆయనకు జీవితాంతము ప్రియమైన వినోదము. విత్తునకు మొలకకు నడుమ పట్టెడు కాలమెంతో తెలిసినవాడు ఆర్థికశాఖలో తొందరపడడేమో! ఆయన నిర్ణయములను చూచిన పిమ్మట ఇట్టి తలపు కలుగక మానదు.

ఇంగ్లండునందున్నప్పుడే ఆయనకు రోజీనా విల్కాక్స్ అను ఆంగ్లయువతితో పరిచయమై, 1920లో వారి వివాహము జరిగినది. వారికి ప్రిమ్‌రోజ్ అను కుమార్తె కలిగెను. రాజులకు, రాజోద్యోగులకు భిన్నదేశముల పెండ్లిండ్లు ఒక్కొక్కప్పుడు చెల్లినను, కొంకణములోని సనాతన కుటుంబమునకు అది చిన్న సంగతి గాదు. ఆ దాంపత్యము రోజీనా మరణించిన 1949 వరకు, దాదాపు ముప్పది యేండ్లు నిలిచినది.

స్వదేశమునకు వచ్చిన పిమ్మట ఆయనను మధ్యపరగణాలు, బీరారు ప్రాంతమునకు నియమించిరి. భూమిశిస్తు పరిష్కారపు పనిలో ఎండనక వాననక గ్రామములు తిరిగిరి. తరువాత నాగపూరు సచివాలయమున రెవెన్యూ, ఆర్థికశాఖల కార్యదర్శిత్వము వహించిరి. 1931లో లండనున జరిగిన రెండవ రౌండు టేబులు సమావేశమునకు కార్యదర్శులలో ఒకరుగా వెళ్ళిరి. గాంధీ మహాత్ముడు పాల్గొన్న సమావేశమదియే. ఆయన భవిష్యత్తును మలుపు త్రిప్పినది మాత్రము ఒక లెక్కల పత్రము. 1935వ సంవత్సరపు ఇండియా ప్రభుత్వ చట్టము ననుసరించి కేంద్రమునకు, రాష్ట్రములకు రాబడి పంపకమెట్లుండవలెనో విచారించుటకు సర్ ఆటో నీమెయర్ వచ్చినప్పుడు, మధ్యపరగణాల ప్రభుత్వము పక్షమున సమర్పింపబడిన నివేదిక పలువురి దృష్టి నాకర్షించినది. దానిని సిద్ధపరచినది దేశ్‌ముఖ్. ఒక పేదరాష్ట్రమునకు న్యాయముగా రావలసిన వాటాను అంకెలతో నిరూపించుటలో ఆయన నేర్పు ఢిల్లీవారికి తెలియవచ్చినది.

1939 జూలైలో ఆయన రిజర్వు బ్యాంకునకు ప్రభుత్వముతో సంబంధము నెరపు అధికారిగా వచ్చిరి. కొలది నెలలలో కేంద్రబోర్డు కార్యదర్శియు, 1941 డిసెంబరులో డిప్యూటీ గవర్నరును అయిరి. 1943 ఫిబ్రవరిలో గవర్నరు సర్ జేమ్స్ టేలర్ పదవియందుండగనే మరణించిరి. ఆ స్థానమున ఒక భారతీయుని నియమించుటకు పాలకులు వెంటనే ముందునకు రాలేదు. ఆగస్టు 11వ తేదీకి గాని ఆయన నియామకము జరుగలేదు. ఈలోపల పని నడిపినవారు మాత్రము ఆయనయే.

అది యుద్ధకాలము. బ్రిటను ఇచ్చట కొన్న సరకులకు, ఇచ్చట పెట్టిన సైన్యవ్యయమునకు ప్రతిగా లండనులో స్టెర్లింగు నిలువలు జమయగుచు, ఇచ్చట నోట్లు పెరుగుచుండెను. ధరలు మండినవి, వంగరాష్ట్రము కరవుపాలైనది. లండనులో జమపడినది కాగితముమీది సొమ్ము, ఇచ్చట ఖర్చైనది ప్రజల తిండియు బట్టయు. ఆ సొమ్మును తిరిగి రాబట్టుట ఎట్లన్నది దేశ్‌ముఖ్ ఎదుటనున్న పెద్ద ప్రశ్న. 1944 జూలైలో అమెరికాలోని బ్రెటన్‌వుడ్స్ గ్రామమున నలువది నాలుగు దేశములవారు సమావేశమై అంతర్జాతీయ ద్రవ్యనిధిని, ప్రపంచ బ్యాంకును నెలకొల్పిరి. సర్ జెరెమీ రైస్మన్ నాయకత్వమున వెళ్ళిన భారత ప్రతినిధివర్గములో దేశ్‌ముఖ్, షణ్ముఖం చెట్టి, ఏ. డి. ష్రాఫ్ ప్రభృతులుండిరి. స్టెర్లింగు నిలువల సమస్యను ద్రవ్యనిధి పరిధిలోనికి తెచ్చుటకు వారు చేసిన వాదము ఫలింపలేదు. భారతదేశమునకు 40 కోట్ల డాలర్ల కోటా మాత్రము లభించినది. రష్యా సభ్యత్వము స్వీకరింపకపోవుటచే మన దేశము మొదటి అయిదు పెద్ద భాగస్వాములలో ఒకటై, డైరెక్టర్ల మండలిలో స్థిరమైన స్థానము సంపాదించుకొన్నది. స్వాతంత్ర్యము రాకమునుపే వచ్చిన గౌరవమది. 1950లో పారిస్ నగరమున జరిగిన ఆ రెండు సంస్థల వార్షిక సమావేశమునకు అధ్యక్షత వహించినవారు దేశ్‌ముఖ్.

1947లో దేశము రెండైనది గాని, బ్యాంకు వెంటనే రెండు కాలేదు. 1948 జూన్ నెలాఖరు వరకు పాకిస్తానునకు గూడ రిజర్వు బ్యాంకే కేంద్ర బ్యాంకుగా పనిచేసినది. పాకిస్తాను ప్రభుత్వమను ముద్రతో అచ్చట చెలామణియైన మన నోట్లలో దేశ్‌ముఖ్ సంతకము గలవియు నుండెను. తగవులాడి వేరుపడిన అన్నదమ్ముల పద్దులు ఒకే గుమాస్తా వ్రాయవలసివచ్చినట్లయినది ఆయన పని. 1949 జనవరి 1వ తేదీన రిజర్వు బ్యాంకు జాతీయమైనది; వాటాదారుల బ్యాంకును ప్రభుత్వ బ్యాంకుగా మార్చిన కార్యము ఆయన చేతులమీదుగానే సాగినది. బ్యాంకునందు పరిశోధన, గణాంకశాఖ ఏర్పడినదియు ఆయన కాలముననే.

ఆ 1949వ సంవత్సరమే ఆయనకు రెండు విధముల శూన్యమును తెచ్చినది. జూన్ 30వ తేదీన గవర్నరు పదవీకాలము ముగిసినది. అదే సంవత్సరమున రోజీనా కన్నుమూసినది. ఏబదిమూడేండ్ల వయస్సున పదవియు, ఇల్లాలును లేని మనుష్యుడు ఏమి చేయగలడు? నెహ్రూ ఆయనను ఊరకుండనీయలేదు. సెప్టెంబరులో అమెరికా, ఐరోపాలకు ప్రత్యేక ఆర్థిక రాయబారిగా పంపిరి. 1950 మార్చిలో ప్రణాళికాసంఘ మేర్పడినప్పుడు అందొక సభ్యునిగా నియమించిరి. ఆ సంఘపు అధికారములను గూర్చి అభిప్రాయభేదముచే ఆర్థికమంత్రి జాన్ మత్తాయి రాజీనామా యిచ్చినపుడు, ఆ పదవి జూన్ 1వ తేదీన దేశ్‌ముఖ్‌కు వచ్చినది. 1952 ఎన్నికలలో ఆయన తన కొలాబా ప్రాంతమునుండియే లోకసభకు ఎన్నికైరి.

ఆర్థికమంత్రిగా ఆయన చేసిన పనులలో నేటికిని ప్రతి యుద్యోగి కుటుంబమునకు తగులునవి రెండున్నవి. 1955 జూలై 1వ తేదీన ఇంపీరియల్ బ్యాంకు స్టేట్ బ్యాంకుగా మారినది. పట్టణములలోని పెద్ద వర్తకుల బ్యాంకు చిన్న ఊళ్ళకు దిగివచ్చుటకు దారి ఏర్పడినది. రెండవది జీవితబీమా. 1956 జనవరి 19వ తేదీ రాత్రి ఆయన ఆకాశవాణిలో ప్రసంగించుచు జీవితబీమా వ్యాపారమును ప్రభుత్వము తన యధీనము చేసికొన్నట్లు ప్రకటించిరి. అంతవరకు గుట్టు బయటపడలేదు. 154 దేశీయ కంపెనీలు, 16 విదేశ కంపెనీలు, 75 ప్రావిడెంటు సొసైటీలు ఆ విధముగా ప్రభుత్వపరమై, సెప్టెంబరు 1వ తేదీన జీవితబీమా సంస్థగా రూపొందినవి. మచిలీపట్టణమున డాక్టర్ పట్టాభి సీతారామయ్యగారు నెలకొల్పిన ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ సహా మన ప్రాంతపు బీమా సంస్థలును అందులో కలిసిపోయినవి. కొన్ని నిజాయితీగా నడిచిన కంపెనీలకు అది బాధ కలిగించియుండును. కాని పాలసీదారుల సొమ్ముతో యజమానులు సొంత వ్యాపారములు చేసి కంపెనీలను ముంచిన సందర్భములను ఎరిగినవారు ఆ ప్రకటనకు సంతోషించిరి. భర్త పోయిన ఇల్లాలికి చేతికి రావలసిన సొమ్ము కంపెనీ దివాలాతో మునుగుట కంటె ఘోరమేమున్నది?

ఇక దుర్గాబాయమ్మగారి సంగతి. ఆమె 1909 జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. ఎనిమిదవ యేట పెద్దలు చేసిన వివాహమునుండి యుక్తవయస్సు రాగానే ఆమె విడివడిరి. 1923 కాకినాడ కాంగ్రెసు మహాసభలో పదునాలుగేండ్ల స్వచ్ఛంద సేవిక, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఖద్దరు ప్రదర్శనశాల వాకిట నిలిపివేసిన కథ తెలుగువారందరెరిగినదే. ఆ బాలిక ఆమెయే. ఉప్పు సత్యాగ్రహమున జైలు కేగి, పిదప పట్టుదలతో చదివి బి.ఏ. పట్టమును, న్యాయశాస్త్ర పట్టమును పొంది మదరాసు హైకోర్టులో న్యాయవాదియైరి. 1937లో మదరాసునందు ఆంధ్ర మహిళాసభను నాటిరి. రాజ్యాంగసభలో సభ్యురాలై పెక్కు సవరణల చర్చలలో పాల్గొనిరి. ఢిల్లీలో తెలుగు ఉద్యోగుల బిడ్డలు తమ భాషలో చదువుకొనుటకు తావు లేదని గుర్తించి, 1948లో ఆంధ్ర విద్యాసంఘమునకు పునాది వేసినవారు ఆమెయే. 1952లో ప్రణాళికాసంఘమున సాంఘికసేవాశాఖ సభ్యురాలైరి. అచ్చట దేశ్‌ముఖ్‌గారితో పరిచయము స్నేహమై, స్నేహము వివాహమునకు దారితీసినది.

1953 జనవరి 22వ తేదీన ఢిల్లీలో ఆ వివాహము రిజిస్టరు పద్ధతిని జరిగినది. వరునికి ఏబదియేడు, వధువునకు నలువదిమూడు. కాకినాడలో టిక్కెట్టు లేక వాకిట నిలిచిన నెహ్రూ, ఇప్పుడు ప్రధానమంత్రిగా సాక్షి సంతకము చేసిరి. ఆ రోజులు తెలుగువారికి ఎట్టివో తలచుకొనవలెను. అయిదు వారములకు ముందు, 1952 డిసెంబరు 15వ తేదీ రాత్రి, పొట్టి శ్రీరాములుగారు ఆంధ్రరాష్ట్రముకై నిరాహారదీక్షలో ప్రాణములర్పించిరి. నాలుగు దినములకు నెహ్రూ ఆంధ్రరాష్ట్రమును ప్రకటించిరి, మదరాసు నగరము మాత్రము అందులో లేదు. దుర్గాబాయమ్మగారి మహిళాసభ ఆ నగరముననే యున్నది. ఒక మహారాష్ట్రుడు తెలుగింట అడుగిడిన తరుణమట్టిది. మూడేండ్లలో తనకును అట్టి పరీక్షయే రానున్నదని ఆయన యెరుగడు.

ఆ సంసారము చూచుటకు విచిత్రముగానుండెడిది. 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడి, దుర్గాబాయమ్మగారు దానికి అధ్యక్షురాలైరి. దేశమందలి స్వచ్ఛంద సంస్థలకు సాయము చేయుటకై మొదటి ప్రణాళికలో 4 కోట్ల రూపాయలు కేటాయింపబడియుండెను. మొత్తము ప్రణాళిక 2,069 కోట్లు. అందు 4 కోట్లు సముద్రములో చెంబెడు. అయినను, అనాథ బాలికలకు, దిక్కులేని స్త్రీలకు ప్రభుత్వపు పద్దులో ప్రత్యేకముగా ఒక వరుస యేర్పడినది. ఒకే ఇంట భార్య ఆ సొమ్మును వెచ్చించునది, భర్త దేశపు సొమ్మునకంతకును కావలివాడు. కేకలు లేని ఇల్లనుకొందురేమో! ఇరువురును గట్టి పట్టుదలగలవారే. ఆయన మితభాషి, కొందరికి బిగువుగా కనబడువాడు. ఆమె అనర్గళముగా మాటలాడి పని సాధించునది. ఒకరిచ్చ ఒకరిపై రుద్దక, ఒకరి పనిని ఒకరు తమదిగా భావించుటయే ఆ కాపురమును నిలిపినది.

1956 జనవరి 16వ తేదీన బొంబాయి నగరమును కేంద్రపాలిత ప్రాంతము చేయనున్నట్లు ప్రకటన వెలువడినది. నగరమున ఆందోళనలు చెలరేగి, పోలీసు కాల్పులలో అనేకులు మరణించిరి. మహారాష్ట్రులకు రాజధాని వంటి నగరమును వారి రాష్ట్రమునుండి వేరుచేయుట అన్యాయమని దేశ్‌ముఖ్ తలచిరి. ఆ నిర్ణయము మంత్రివర్గమున సరిగా చర్చింపబడలేదనియు, కాల్పులపై న్యాయవిచారణ జరుపకుండుట తగదనియు ఆయన అభ్యంతరము. ఆ నెలలోనే రాజీనామా లేఖ యిచ్చిరి. నెహ్రూ కోరికపై కొంతకాలమాగిరి. ఆ విధముగా రాజీనామా చేతిలో పెట్టుకొనియే ఫిబ్రవరిలో బడ్జెట్టు సమర్పించిరి. బీమా చట్టమును సాగించిరి. జూలైలో రాజీనామా ఆమోదింపబడగా, లోకసభలో తమ కారణములు వివరించి బయటకు వచ్చిరి.

ఈ ఘట్టమును గూర్చి రెండు తలంపులు గలవు. ఆర్థికమంత్రియైనవాడు దేశమంతటికి చెందినవాడు గదా, ఒక నగరము కొరకు రెండవ ప్రణాళిక ప్రారంభదశలో పదవి వదలుట తగునా అని అడిగినవారున్నారు. ఆ ప్రశ్నలో బలము లేకపోలేదు. కాని కొలాబా ప్రజల వోట్లతో సభకు వచ్చినవాడు వారి గోడు వినక ఎట్లుండగలడు? మదరాసు విషయమున అట్టి బాధ నెరిగిన ఇల్లాలు ఇంటనున్నది. ఆ రోజులలో వారిరువురి నడుమ ఏ సంభాషణము జరిగినదో ఊహించుట అనవసరము. మంత్రి బంగళా వదలవలసివచ్చినను ఆ ఇంటి పనులేవియు ఆగలేదనుట చాలును. 1960 మే 1వ తేదీన బొంబాయి మహారాష్ట్రకు రాజధానియైనది. అప్పటికి ఆయన మంత్రి కారు.

పదవి పోయిన నెలలలోనే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ అధ్యక్షత ఆయనకు వచ్చినది. 1956 మొదలు 1961 వరకు విశ్వవిద్యాలయములకు నిధులు పంచిరి. 1962 మొదలు 1967 వరకు ఢిల్లీ విశ్వవిద్యాలయపు వైస్ ఛాన్సలరుగానుండిరి. పగలు కార్యాలయములలో పనిచేసి, పట్టము కొరకు తహతహలాడు గుమాస్తాలకు ఉత్తరప్రత్యుత్తరముల ద్వారా చదువు చెప్పు శాఖ ఆ విశ్వవిద్యాలయమున 1962లో ప్రారంభమైనది. ఆనాటి కేంద్రోద్యోగులెందరో ఆ దారిని పట్టభద్రులైరి. దానికి ఒక యేడు ముందు, 1961లో, తిరుమల తిరుపతి దేవస్థానముల ధనసహాయముతో శ్రీ వేంకటేశ్వర కళాశాల ఢిల్లీలో వెలసినది. అందు దుర్గాబాయమ్మగారి కృషి ముఖ్యమైనది. లోదీ తోటల చెంత ఇండియా ఇంటర్నేషనల్ సెంటరును నిలబెట్టినవారిలో దేశ్‌ముఖ్ ప్రథముడు. దానిని రాధాకృష్ణన్ గారు ప్రారంభించిన తేదీ 1962 జనవరి 22. తొమ్మిదేండ్లకు సరిగా పెండ్లినాటి తేదీకే అది కుదురుట యాదృచ్ఛికమో, కోరియో, విన ముచ్చటగానున్నది.

మంత్రిపదవి లేనందున ఆయన నోరు కొంత స్వేచ్ఛ పొందినది. 1959లో మదరాసున ప్రసంగించుచు, పెద్ద పదవులలోనున్నవారిపై వచ్చు అవినీతి ఆరోపణలను విచారించుటకు నిష్పాక్షికమైన శాశ్వత న్యాయస్థాన మొకటి కావలెనని సూచించిరి. పాలకులకది రుచింపలేదు. అయిదేండ్ల తరువాత, 1964లో, కేంద్ర విజిలెన్స్ కమిషన్ ఏర్పడినది; అది ఆయన కోరినంతటి అధికారము గలది కాదు, కాని ఆ దిక్కునకు వేసిన అడుగే. ఆయనకు రామన్ మాగ్‌సేసే పురస్కారము లభించినదియు 1959లోనే.

1969లో రాష్ట్రపతి పదవికి స్వతంత్ర, జనసంఘ పక్షముల అభ్యర్థిగా ఆయన నిలబడిరి. ఇది ఆయన జీవితములో అంతగా పొసగని ఘట్టము. బీమాను జాతీయము చేసిన చేయి, జాతీయకరణములను నిరసించు పక్షము నందుకొనుట చూచి అభిమానులు నొచ్చుకొనిరి. ఆ పోటీలో తెలుగువారికి మాత్రము ఒక చిత్రమైన సంగతి కలదు. ప్రత్యర్థులలో నీలం సంజీవరెడ్డిగారు అనంతపురము జిల్లావారు, వి. వి. గిరిగారు బరంపురము తెలుగువారు; మూడవవారు తెలుగింటి అల్లుడు. మొదటి లెక్కింపులో గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548, దేశ్‌ముఖ్‌గారికి 1,12,769 విలువగల వోట్లు వచ్చినవి. దేశ్‌ముఖ్‌కు వోటు వేసినవారి రెండవ యభిమతములు లెక్కించిన పిమ్మట గాని గిరిగారి గెలుపు తేలలేదు.

లెక్కల పుస్తకముల నడుమ సంస్కృతము సాగుచునే యుండెను. కాళిదాసుని మేఘదూతమును ఆయన మరాఠీలోనికి అనువదించిరి. గాంధీజీ సూక్తులను సంస్కృత శ్లోకములుగా కూర్చి గాంధీసూక్తిముక్తావళి అను పేర 1957లో వెలువరించిరి. విరహియైన యక్షుని సందేశమును అనువదించిన మనుష్యుని బిగువువాడని అన్నవారు ఆయనను కార్యాలయమున మాత్రమే చూచియుందురు.

తరువాత దంపతులు హైదరాబాదు చేరిరి. మహారాష్ట్రమున జన్మించి, నాగపూరు, బొంబాయి, ఢిల్లీ నగరములలో జీవితము గడపిన వ్యక్తి వార్ధక్యమున నివసించుటకు తన ప్రాంతమును గాక భార్య భాషాప్రాంతము నెంచుకొనుట గమనింపదగినది. ఆంధ్ర మహిళాసభ అచ్చటను పెరిగినది: ఆసుపత్రి, కళాశాల, వయోజన విద్యాశాల యేర్పడినవి. సాంఘికాభివృద్ధి మండలి పనిలో ఆయన ఆమెకు చేదోడుగా నిలిచిరి. దేశపు ఖజానాకు కాపుగానున్నవాడు, భార్య నడపు సంస్థలకు విరాళములు చాలునా చాలవా అని లెక్క చూచు స్థితికి సంతోషముగా వచ్చినాడు. 1975లో ప్రభుత్వము ఇరువురికి ఒకే సంవత్సరమున పద్మవిభూషణ బిరుదము లిచ్చినది. అంతకు ముందు, 1974లో, ఆయన తన జీవితచరిత్రను ఆంగ్లమున ప్రకటించిరి. ఆమెయు తన స్మృతులను వ్రాసిరి. ఆ గ్రంథమునకు పెట్టిన పేరు చింతామణి, నేను అని యర్థమిచ్చును. జైళ్ళు, రాజ్యాంగసభ, సంక్షేమ బోర్డు, ఇన్ని యుండగా ఆమె తన గ్రంథమును భర్త పేరుతో ప్రారంభించినది.

1981 మే 9వ తేదీన దుర్గాబాయమ్మగారు పరమపదించిరి. ఆయనకప్పుడు ఎనుబదియైదేండ్లు. 1949లో భార్య పోయినప్పుడు పని ఆదుకొన్నది. ఇప్పుడు ఆదుకొనుటకు పనియు లేదు, వయస్సును లేదు. పదునేడు నెలలు గడచినవి. 1982 అక్టోబరు 2వ తేదీన, గాంధీ జయంతినాడు, హైదరాబాదుననే ఆయన కన్నుమూసిరి.

రిజర్వు బ్యాంకు ఆయన పేర స్మారకోపన్యాసములను నెలకొల్పినది. ఢిల్లీ ఇండియా ఇంటర్నేషనల్ సెంటరులోని సభాభవనమునకు ఆయన పేరున్నది. శ్రీ వేంకటేశ్వర కళాశాల దాపున 2018లో తెరచిన మెట్రో రైలు స్టేషనునకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్ అని పేరిడిరి. తెలుగు విద్యార్థులు, ఉద్యోగులు అచ్చట దిగునప్పుడు ఆ బోర్డుపై రాజమహేంద్రవరపు ఆడపడుచు పేరు ముందును, కొంకణపు ఇంటిపేరు వెనుకను ఒకే వరుసలో కనబడును.